బుల్లెట్ రైలు యాక్టివ్ సస్పెన్షన్: అపోహలు - వాస్తవాలు

రైళ్ల సస్పెన్షన్ కంట్రోల్ నా వృత్తి. జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో యాక్టివ్ సస్పెన్షన్ ఉంటుంది. పెట్టె పక్కలకు ఊగడాన్ని సెన్సర్లతో పసిగట్టి, ఎదురు తోసి తగ్గించే వ్యవస్థ ఇది. దీని గురించి మాట్లాడేటప్పుడు తరచూ వినిపించే అపోహలివి.

అపోహ: పట్టాలు బాగుంటే యాక్టివ్ సస్పెన్షన్ అక్కర్లేదు.
వాస్తవం: పట్టాలు ఎంత నున్నగా ఉన్నా సొరంగంలో గాలి ఊరుకోదు. రైలుకూ గోడకూ మధ్య సుడులు తిరుగుతూ పెట్టెను పక్కలకు నెడుతుంది. తోక వైపు పెట్టెలకు ఈ బాధ మరీ ఎక్కువ. ఆ తోపు నేరుగా పెట్టె మీదే పడుతుంది కాబట్టి స్ప్రింగులు మెత్తగా చేస్తే ఊపు ఇంకా పెరుగుతుంది. అందుకే 2002లో ఇ2 రకం షింకన్‌సెన్ రైళ్ల చివరి పెట్టెలకూ, గ్రీన్ కార్‌కూ (ఫస్ట్ క్లాస్ పెట్టె) ముందుగా యాక్టివ్ సస్పెన్షన్ పెట్టారు. 2011లో వచ్చిన ఇ5 రకంలో అన్ని పెట్టెలకూ ఉంది.

అపోహ: సెమీ యాక్టివ్, ఫుల్ యాక్టివ్ రెండూ ఒకటే.
వాస్తవం: సెమీ యాక్టివ్ డంపర్ (ఊపును అణచే షాక్ అబ్జార్బర్ లాంటి పరికరం) కదలికను అడ్డుకోగలదు, అంతే. తనంతట తాను తోయలేదు. ఫుల్ యాక్టివ్ తోస్తుంది. అయినా సెమీ యాక్టివ్‌ను చిన్నచూపు చూడొద్దు. 2020 నాటి ఎన్700ఎస్ రకం షింకన్‌సెన్‌లో కూడా ఫుల్ యాక్టివ్ గ్రీన్ కార్లకే ఇచ్చారు.

అపోహ: ఎంత గట్టిగా తోస్తే అంత సుఖం.
వాస్తవం: మా అసలు టెన్షన్ బలం గురించి కాదు, సమయం గురించి. పక్కలకు ఊగే ఊపులో మనిషిని ఎక్కువ ఇబ్బంది పెట్టేది 1-2 హెర్ట్జ్ ప్రాంతం, అంటే సెకనుకు ఒకటి రెండు ఊపులు. సెన్సర్, ఫిల్టర్, యాక్చువేటర్ (తోసే పరికరం) అన్నీ కలిసి 0.1 సెకను ఆలస్యం చేస్తే, 2 హెర్ట్జ్ దగ్గర బలం 72 డిగ్రీలు వెనకబడుతుంది (ఒక పూర్తి ఊపు 360 డిగ్రీలు). ఇంకాస్త ఆలస్యమైతే, తప్పు సమయంలో తోసిన ఉయ్యాలలా ఊపు పెరుగుతుంది. వంపుల్లో మరో చిక్కు. రైలు తిరిగేటప్పుడు పక్కకు లాగే బలాన్ని కూడా సెన్సర్ ఊపు అనుకుంటుంది. దాన్ని వడకడితే నెమ్మది ఊపుల లెక్క తప్పుతుంది, వడకట్టకపోతే యాక్చువేటర్ వంపు పొడవునా వృథాగా తోస్తూనే ఉంటుంది. మా పనిలో ఎక్కువ భాగం ఈ రెంటి మధ్య సర్దుబాటే.

అపోహ: వంపులో పెట్టె ఒరగడం కూడా యాక్టివ్ సస్పెన్షన్ పనే.
వాస్తవం: కాదు. ఇ5లో అది ఎయిర్ స్ప్రింగుల పని, 1.5 డిగ్రీల వరకు.

అపోహ: కరెంటు పోతే రైలు పట్టాలు తప్పుతుంది.
వాస్తవం: పెట్టె బరువు మోసేది ఎయిర్ స్ప్రింగులు. వేగంలో చక్రాలు పాములా మెలికలు తిరగకుండా ఆపేది యా (yaw) డంపర్లు, అంటే చక్రాల బండి అటూ ఇటూ తిరగకుండా పట్టే డంపర్లు, చక్రాల ఆకారం. యాక్టివ్ వ్యవస్థ ఆగిపోతే ఆ చోట మామూలు డంపింగ్ మిగులుతుంది. ప్రయాణికులకు కుదుపు తెలుస్తుంది, రైలు మాత్రం పట్టాల మీదే సాగుతుంది.