ఇంజిన్ విప్పబోతున్న పిల్లలకు

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

మూలపడిన చిన్న పాత కారు ఇంజిన్‌ని ఇంట్లోనే విప్పి బాగుచేస్తామని రాశారు. చదివి పొంగిపోయాను. తప్పకుండా చేయగలరు. ఆ కాలపు ఇంజిన్లు చేత్తో విప్పి చేత్తో బిగించుకోవడానికి వీలుగా పుట్టినవే. గాలిలో పెట్రోలు కలిపే కార్బ్యురేటర్, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, నాలుగు పిస్టన్లు, ఎనిమిది వాల్వులు. ఓపిగ్గా చూస్తే ప్రతిదీ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

అయితే పానా పట్టుకునే ముందు ఒక మాట. అరిగిన భాగం తీసేసి కొత్తది వేస్తే పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. అది ఎందుకు అరిగిందో తెలుసుకోకపోతే కొత్తదీ అదే దారిన పోతుంది. ప్రతి భాగం మీదా దాని కారణం గీతలుగానో, రంగుగానో, మెరుపుగానో మిగిలి ఉంటుంది. కడిగేసే ముందు, పారేసే ముందు దాన్ని చదవడం నేర్చుకోండి. మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే.

1876లో జర్మనీలో నికొలాస్ ఒట్టో నడిపి చూపించిన నాలుగు స్ట్రోకుల పద్ధతే మీ కారులోనూ ఉంది. పిస్టన్ కిందికి దిగుతూ గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని పీలుస్తుంది, పైకొస్తూ నొక్కుతుంది. నిప్పురవ్వ పడి మండిన వాయువు దాన్ని కిందికి తోస్తుంది. మళ్లీ పైకొస్తూ అది పొగని బయటికి పంపుతుంది. ఈ నాలుగు పనులకీ, పిస్టన్ల పరుగుని తిరుగుడుగా మార్చే ఇరుసు క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది, వాల్వుల్ని తెరిచే ఇరుసు కామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టే. నిమిషానికి 3000 చుట్ల దగ్గర ఒక్కో పిస్టన్ సెకనుకి 100 సార్లు పైకో కిందికో పరుగెత్తుతుంది. పరుగు మారే ప్రతిసారీ లిప్తకాలం ఆగుతుంది. అరుగుదల ఎక్కువగా ఆ ఆగే చోటే ఉంటుంది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇంజిన్ ఇంకా తిరిగే స్థితిలో ఉంటే విప్పకముందే కొన్ని సంగతులు రాబట్టండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్ని అనుమానించాలి. రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని తర్వాత తగ్గిపోతే, వాల్వ్ కాడలు జారే గైడ్లూ, అక్కడ నూనెని ఆపే సీళ్లూ చూసుకోవాలి. నల్ల పొగంటే పెట్రోలు ఎక్కువ పడుతోందని. దానికి ఇంజిన్ విప్పక్కర్లేదు, కార్బ్యురేటర్ సరిచేసుకుంటే చాలు. బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగలేదంటే సిలిండర్లోకి నీళ్లు చేరుతున్నాయి.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూడండి. ఇంజిన్ వేడిగా ఉండగా ఇగ్నిషన్ ఆగేలా కాయిల్ వైరు ఊడదీసి, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌కీ గేజ్ పెట్టి స్టార్టర్‌తో తిప్పాలి. అంకె ఎంతన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నదే ఎక్కువ చెబుతుంది. ఒకటి బాగా తగ్గి ఉంటే అందులో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగిందంటే ఆయిల్ కాసేపు సందు మూసింది, కాబట్టి తప్పు రింగుల్లోనో బోర్లోనో, అంటే పిస్టన్ నడిచే సిలిండర్ రంధ్రంలోనో ఉంది. పెరగకపోతే కారణం వాల్వులైనా కావాలి, సిలిండర్ల మీది మూత అయిన హెడ్‌కి కింద వేసే గ్యాస్కెట్టయినా కావాలి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ కలిసి పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ తెగి ఉండే అవకాశం ఎక్కువ. ఈ అంకెలన్నీ నోట్‌బుక్కులో రాసి పెట్టండి. తర్వాత భాగాల మీద కనిపించేది వీటితో పొసగాలి. పొసగకపోతే మీరింకా అసలు కారణం దగ్గరికి చేరలేదన్నమాట.

ఇక జాగ్రత్తలు. ఇక్కడ మాత్రం నా మాట అక్షరాలా వినాలి. అనుభవమున్న పెద్దవాళ్లు ఒకరు పక్కన లేకుండా ఇంజిన్ ఎత్తొద్దు, కారు కిందికి దూరొద్దు. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు, మోయాల్సింది స్టాండులు. గేర్‌బాక్సుతో కలిపి చిన్న ఇంజిన్ కూడా వంద కిలోలు దాటడం మామూలే. అన్నిటికన్నా ముందు బ్యాటరీ తీగ తీసేయండి. పెట్రోలు తోడి, మూతున్న డబ్బాలో దూరంగా పెట్టండి. మూసిన షెడ్డులో ఇంజిన్ ఎప్పుడూ నడపొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. పాతకాలపు గ్యాస్కెట్లలో, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము ఊదకుండా తడిపి తుడవాలి. రేడియేటర్లోంచి తీసిన కూలెంట్ తియ్యగా ఉండే విషం. కుక్కలూ పిల్లులూ నాకకుండా వెంటనే మూతపెట్టాలి.

విప్పేటప్పుడు జ్ఞాపకశక్తిని నమ్ముకోకండి. ప్రతి దశలో ఫోటో తీయండి, ప్రతి బోల్టుల గుంపునీ పేరు రాసిన సంచిలో వేయండి. ఒక అట్టముక్క మీద హెడ్ ఆకారం గీసి, ఏ బోల్టు ఏ చోటిదో ఆ చోటే గుచ్చండి. హెడ్ బోల్టుల్ని చివర్ల నుంచి మధ్యకి, కొద్దికొద్దిగా వదులు చేయాలి. బిగించేటప్పుడు మధ్య నుంచి చివర్లకి. ఈ వరస తప్పితే హెడ్ వంగుతుంది. కామ్ తోపుని వాల్వులకి చేర్చే టాపెట్లనీ పుష్ రాడ్లనీ కలిపేయొద్దు, ఏ టాపెట్ ఏ కామ్ మీద నడిచిందో దానికే అలవాటుపడి అరిగి ఉంటుంది. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ల క్యాపులూ, క్రాంక్‌ని ఇంజిన్ బ్లాకులో పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాపులూ అంతకన్నా ముఖ్యం. ఆ రంధ్రాల్ని క్యాపు బిగించి ఉంచే తొలిచారు కాబట్టి, ఒకదాని క్యాపు మరోదానికి వేస్తే రంధ్రం గుండ్రంగా ఉండదు. నంబర్లు లేకపోతే తీసే ముందే గుర్తులు పెట్టుకోండి, ఏ వైపు ముందుకి ఉందో కూడా.

ఇప్పుడు చదువు మొదలుపెట్టండి.

బోర్ గోడ మీద పైనుంచి వేలు జారిస్తే, పై అంచుకి కొంచెం కింద చిన్న మెట్టు తగులుతుంది. పై రింగు ఆ మెట్టు దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుంది. మంట ఒత్తిడి అక్కడే ఎక్కువ, వేడీ అక్కడే ఎక్కువ, పైగా పిస్టన్ ఆగే క్షణంలో రింగుకీ గోడకీ మధ్య నూనె పొర పలచబడిపోతుంది. ఈ మూడూ కలిసి గోడని తినేస్తాయి. రింగు చేరని పై అంచు మాత్రం కొత్తగా ఉన్నట్టే మిగిలి మెట్టుగా కనిపిస్తుంది. ఆ మెట్టు తీయకుండా కొత్త రింగులు వేస్తే, పదునైన కొత్త రింగు దానికి కొట్టుకుని విరగొచ్చు. డబ్బు ఆదా చేద్దామని ఈ పని వదిలేస్తే అసలుకే ఎసరు.

బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద కొలవండి. ఒక్కో ఎత్తులో క్రాంక్ పొడవు వెంబడి ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. రాడ్ ఏటవాలుగా తోసేటప్పుడు పిస్టన్ పక్క గోడకి ఒరుసుకుంటుంది కాబట్టి అడ్డంగానే ఎక్కువ అరుగుతుంది, గుండ్రటి బోరు కోలగా మారుతుంది. మాన్యువల్లో ఇచ్చిన హద్దు లోపల ఉంటే మెట్టు తీయించి, హోనింగ్ చేసి, అంటే గోడని రాతితో సన్నగా గీకి, రింగులు వేస్తే సరిపోతుంది. దాటితే రీబోర్ చేయించి, అంటే బోరుని కొంచెం పెద్దదిగా తొలిపించి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి. పిస్టన్లు చేతికొచ్చాకే బోరు చేయించండి, పిస్టన్ని కొలిచి దానికి తగ్గట్టు తొలవాలి గాని ముందే తొలిచి పిస్టన్ వెతుక్కోకూడదు.

బోరు ఎందుకింత అరిగిందో ఇప్పుడు వెతకండి. గాలి ఫిల్టర్ పాడై మట్టి లోపలికి వచ్చిందా? కార్బ్యురేటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూ గోడల మీది నూనెని కడిగేసిందా? ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్ ఉందో లేదో తప్పకుండా చూడండి. వేడెక్కే ఇంజిన్‌కి మందు అనుకుని చాలామంది దాన్ని పీకేస్తారు. అప్పుడు ఇంజిన్‌కి అందాల్సిన వేడి అందదు, మండని పెట్రోలు గోడలు దిగి ఆయిల్లో కలుస్తుంది, లోపల చెమ్మ ఆరదు, బోరు త్వరగా అరుగుతుంది. వేడెక్కడానికి అసలు కారణం చాలాసార్లు రేడియేటర్ పూడిపోవడం. అది అలాగే ఉంటుంది. అలాంటి ఇంజిన్‌కి ఎన్ని రింగులు మార్చినా ప్రయోజనం లేదు.

క్రాంక్ తిరిగే చోట్ల ఉండే సగం గుండ్రటి రేకులు, బేరింగ్ షెల్స్, ఇంకా స్పష్టంగా మాట్లాడతాయి. మీద బూడిదరంగు మెత్తటి పూత ఉంటుంది, చాలావాటిలో దాని కింద రాగి కలిసిన పొర. రాగిరంగు బయటపడిందంటే పూత అరిగిపోయింది. తిరిగే దిశలో గీతలుంటే ఆయిల్లో మురికి ఉంది, ఫిల్టర్‌నీ ఆయిల్ మార్చే అలవాటునీ అనుమానించండి. పూత కరిగి పులిమినట్టుంటే ఆయిల్ అందలేదు. ఆయిల్ పంపు, దాని జల్లెడ, నూనె దారులు చూడండి. ఒక అంచే అరిగితే రాడ్ వంగి ఉండొచ్చు. రాడ్లో పై షెల్, మెయిన్‌లో కింది షెల్ కొంచెం ఎక్కువ అరగడం సహజమే, మంట తోపు పడేది వాటి మీదే.

క్రాంక్ మీద బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాల్ని, అంటే జర్నల్స్‌ని, మైక్రోమీటర్‌తో రెండు దిశల్లో కొలవండి. కోలగా ఉంటే గ్రైండింగ్ చేయించి, సన్నబడిన జర్నల్‌కి సరిపడే అండర్‌సైజ్ బేరింగులు వేయాలి. చిన్న ఇంజిన్లో జర్నల్‌కీ బేరింగ్‌కీ మధ్య ఉండాల్సిన సందు చాలాచోట్ల 0.03 నుంచి 0.06 మిల్లీమీటర్ల దాకా, అంటే తలవెంట్రుక కన్నా సన్నం. అది చూడటానికి ప్లాస్టిగేజ్ అనే సన్నటి మెత్తటి దారం దొరుకుతుంది. జర్నల్ మీద పెట్టి, క్యాపుని పూర్తి టార్క్‌కి, అంటే చెప్పిన బిగువు దాకా బిగించి, క్రాంక్‌ని తిప్పకుండా మళ్లీ తీసి, అది ఎంత వెడల్పుగా నలిగిందో స్కేలుతో పోల్చండి.

హెడ్ మీద తిన్నని ఉక్కు పట్టీ నిలబెట్టి కింద సందు కొలిచే ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. హద్దు దాటి వంగితే స్కిమ్మింగ్ చేయించాలి, అంటే పైపొర సన్నగా చెక్కించి చదును చేయించాలి. వాల్వుల్ని ఎమెరీ పేస్టుతో చేత్తో రుద్దడం ఇంట్లో హాయిగా చేసుకునే పని. వాల్వు మీదా, అది మూసుకుని కూర్చునే సీటు మీదా తెగని బూడిదరంగు వలయం రావాలి. తర్వాత పోర్టులో, అంటే వాల్వు వెనకున్న గాలి దారిలో, కిరసనాయిలు పోసి చూడండి, వాల్వు పక్కనుంచి చెమ్మగిల్లకూడదు.

సీట్లు హెడ్ లోపలికి దిగబడి ఉంటే దాని వెనక పెద్ద చరిత్ర ఉంది. ఇంజిన్లో టకటక కొట్టుకోవడం ఆపడానికి టెట్రాఎథిల్ లెడ్ పనికొస్తుందని 1921లో అమెరికాలో థామస్ మిజ్లీ కనిపెట్టాక, దశాబ్దాల పాటు పెట్రోల్లో సీసం కలిపారు. అది మండాక మిగిలే పొర వాల్వ్ సీట్లని కాపాడేది కూడా. దాన్ని నమ్ముకుని మెత్తటి పోత ఇనుములోనే సీట్లు తొలిచిన ఇంజిన్లు ఎన్నో. కానీ సీసం పిల్లల మెదడుని దెబ్బతీసే విషం. ఒక్కో దేశమూ ఆపుతూ వచ్చి, 2021లో అల్జీరియాతో రోడ్ల మీద వాడే సీసపు పెట్రోలు ప్రపంచమంతటా ఆగిపోయింది. అది మానవాళికి దక్కిన మేలు, అందులో నాకే సందేహమూ లేదు. మీ పాత ఇంజిన్‌కి మాత్రం గట్టి ఉక్కు సీట్లు వేయించండి, ఎగ్జాస్ట్ వైపు తప్పనిసరిగా.

రీబోర్, క్రాంక్ గ్రైండింగ్, స్కిమ్మింగ్, సీట్లు వేయడం లేత్ మెషిన్లున్న వర్క్‌షాపు పనులు. వాటిని ఇంట్లో ప్రయత్నించొద్దు. కొలవడం, కడగడం, బిగించడం మీవి.

కడగడం తక్కువ పని అనుకోకండి. హోనింగ్ అయ్యాక గోడ మీది అడ్డగీతల్లో రాతిపొడి ఇరుక్కుంటుంది. కిరసనాయిలుతో తుడిస్తే అది లోపలే ఉండిపోతుంది. వేడినీళ్లూ సబ్బూ బ్రష్షూ పెట్టి, తెల్లగుడ్డతో తుడిస్తే మరక పడనంత వరకూ కడగాలి. ఆరీ ఆరగానే నూనె రాయాలి, లేకపోతే చూస్తుండగానే తుప్పు పడుతుంది. బ్లాకులోనూ క్రాంకులోనూ ఉన్న నూనె దారులన్నిట్లో సన్న బ్రష్షు దూర్చండి. కొత్త బేరింగులు మొదటి గంటలోనే పాడైతే చాలాసార్లు కారణం ఆ దారుల్లో మిగిలిన పొడే.

బిగించేటప్పుడు నిదానం. మెయిన్ క్యాపు ఒక్కోటీ బిగించగానే క్రాంక్‌ని చేత్తో తిప్పండి. ఏ క్యాపుతో బిగుసుకుందో అక్కడే ఆగి చూడండి. ప్రతి రింగునీ ముందు బోర్లో పెట్టి చివరల మధ్య సందు కొలవాలి. చిన్న ఇంజిన్లలో అది చాలావరకు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది. మరీ తక్కువైతే వేడికి చివరలు ఒకదాన్నొకటి తన్నుకుని రింగు విరుగుతుంది. రింగు మీద గుర్తుంటే అది పైకి ఉండాలి, సందులు ఒకే వరసలో పడకూడదు. పిస్టన్ దించేటప్పుడు రాడ్ బోల్టులకి రబ్బరు గొట్టం ముక్కలు తొడగండి, లేకపోతే క్రాంక్ మీద గీత పడుతుంది. సుత్తి కర్రపిడితో మెల్లగా తడితే దిగాలి. ఆగిందంటే రింగు పైకి తన్నింది, బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టండి. క్రాంక్, కామ్‌షాఫ్ట్ చక్రాల మీది టైమింగ్ గుర్తులు కలిపాక స్టార్టర్ జోలికి వెళ్లకుండా క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఏదైనా తగిలితే చేతికే తెలుస్తుంది, వాల్వు వంగకముందే. టార్క్ అంకెలు మాత్రం ఆ ఇంజిన్ మాన్యువల్లోవే వాడాలి.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, డాష్‌బోర్డు మీది ఆయిల్ ప్రెషర్ దీపం ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పండి. కొత్త కామ్‌షాఫ్టూ టాపెట్లూ వేస్తే, స్టార్ట్ అయిన వెంటనే ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, వదలకుండా నిమిషానికి 2000 చుట్ల దగ్గర ఇరవై నిమిషాలు నడపాలి. కామ్‌కి అందేది ఎక్కువగా క్రాంక్ చిమ్మే ఆయిలే, నెమ్మదిగా తిరిగితే అది చాలదు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు వేగం మారుస్తూ నడపండి, పెద్ద గేరులో ఈడ్చొద్దు. అలాగని మరీ సుకుమారంగానూ వద్దు, మంట ఒత్తిడి రింగు వెనక్కి చేరి గోడకి అదిమితేనే అది కుదురుకుంటుంది. ఆయిల్ 500 కిలోమీటర్లకే మార్చేయండి. హెడ్ బోల్టులు మళ్లీ బిగించాలని మాన్యువల్ చెబితే బిగించి, టాపెట్ సందులు మరోసారి సరిచూడండి.

కంప్రెషన్ అంకెలు, హెడ్ విప్పాక బోరు కొలతలు, షెల్స్ ఫోటోలు నాకు పంపండి. రింగులతో సరిపోతుందా, రీబోర్ చేయించాలా అన్నది వాటిని చూశాక కలిసి తేల్చుకుందాం. అప్పటిదాకా పాత భాగం ఒక్కటి కూడా పారేయకండి.

ఇట్లు,
మీ తాతయ్య