ప్రెగ్నెన్సీ షుగర్ టెస్ట్: కటాఫ్ గొడవ ఎక్కడ మొదలైంది

2025లో ఆస్ట్రేలియా డాక్టర్లు ప్రెగ్నెన్సీ షుగర్ కటాఫ్‌లు, అంటే రక్తంలో గ్లూకోజ్ ఎంతుంటే షుగర్ అనాలో ఆ అంకెలు (mg/dLలో), పెంచారు, ఫాస్టింగ్ (పరగడుపు) 92 నుంచి 95కి, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకి తీసే రీడింగ్ 153 నుంచి 162కి. దాంతో ఇక్కడా పాత గొడవ మళ్ళీ లేచింది, ఫాస్టింగ్ 93 వచ్చి షుగర్ అనిపించుకున్నవాళ్ళకి అసలు షుగర్ లేనట్టేనా అని.

ఇది గర్భంతో ఉన్నప్పుడు బయటపడే షుగర్ జబ్బు. నేరుగా 2008కి వెళ్దాం, నా లెక్కలో కథంతా అక్కడే తిరిగింది. ఆ ఏడాది వచ్చిన హాపో (HAPO) అనే అంతర్జాతీయ స్టడీలో 9 దేశాల్లో 23 వేల మందికి పైగా గర్భిణులకి 75 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి చూశారు. షుగర్ పెరిగేకొద్దీ బిడ్డ బరువు, సిజేరియన్లు కూడా మెల్లగా పెరుగుతూనే పోయాయి తప్ప ఇదిగో ప్రమాదం ఇక్కడ మొదలు అనే గీత ఎక్కడా దొరకలేదు. గీత లేకపోతే ట్రీట్‌మెంట్ ఎవరికివ్వాలి? 2010లో నిపుణులు కూర్చుని, మరీ పెద్ద బిడ్డ పుట్టడం లాంటి వాటి రిస్క్ సగటు షుగర్ ఉన్నవాళ్ళ కంటే 1.75 రెట్లయ్యే చోట గీద్దాం అనుకున్నారు, ఫాస్టింగ్ 92 అలా వచ్చింది, 2013లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా ఒప్పుకుంది. 2022లో న్యూజిలాండ్ ట్రయల్‌లో ఈ తక్కువ కటాఫ్‌తో కేసులు 6 శాతం నుంచి 15కి పెరిగాయి గానీ మరీ పెద్ద బిడ్డలు పుట్టడం మాత్రం తగ్గలేదు.

హాపోలో ఇండియా సెంటర్ ఒక్కటీ లేదు. మన దారి వేరు, చెన్నైలో షుగర్ స్పెషలిస్ట్ డాక్టర్ వి. శేషయ్య వాళ్ళు పట్టుబట్టింది ఒకటే, పరగడుపున మళ్ళీ రమ్మంటే పల్లెటూరి గర్భిణి రాదు, వచ్చిన రోజే టెస్ట్ అయిపోవాలి. 2014లో కేంద్రం గైడ్‌లైన్ అదే. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్ 300 మిల్లీ నీళ్ళలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగిస్తారు, అరగంటలోపు వాంతైతే మర్నాడు మళ్ళీ, లేదంటే రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి గ్లూకోమీటర్‌తో చూస్తారు, 140 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే షుగరే. మొదటి విజిట్‌లో ఒకసారి, అప్పుడు షుగర్ లేదని వస్తే 24-28 వారాల్లో ఇంకోసారి.

ఇలా చేస్తే చాలా కేసులు మిస్సవుతాయని చెన్నైలోనే ఇంకో టీమ్ 2014లో చూపించింది, అది కొట్టిపారేసే మాట కాదు. కానీ పరగడుపు టెస్ట్‌కి రాలేనామె అసలు ఏ లెక్కలోకీ రాదు కదా.

ఆస్ట్రేలియా మార్చింది పరగడుపున వచ్చి చేయించుకునే టెస్ట్ లెక్క, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో తిన్నా తినకపోయినా చేసే 140 టెస్ట్‌కి దాంతో సంబంధం లేదు. ఆ వార్త చూసి ఎవరూ డైట్, ఇన్సులిన్ సొంతంగా ఆపొద్దు, మీ డాక్టర్‌ని అడగండి.