చదివింపుల లెక్క, కాన్ఫరెన్సు భోజనం

గుంటూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా కొత్తపేట డాక్టరుగారు బంగారం లాంటి మనిషి. మందుల కంపెనీ డబ్బుతో జరిగే కాన్ఫరెన్సుకి వెళ్లొస్తే మందు మార్చేస్తారంటే నమ్మమంటారా?"

నమ్మమనే అంటాను. మంచి మనిషైతే మరీను.

పెళ్లిలో మండపం పక్కన బల్ల వేసుకుని ఒకాయన "ఫలానావారు 516" అని పుస్తకంలో రాస్తుంటాడు. రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే ఆ పేజీ వెతుకుతాం. తీసుకున్నది తిరిగి ఇచ్చేదాకా మనసు ఊరుకోదు. మర్యాదస్తుడికి ఈ పీకులాట ఇంకా ఎక్కువ. విజయవాడలో ఏ డాక్టర్ల సదస్సుకైనా వెళ్లండి, మందు పేరున్న బ్యాగు భుజాన వేసుకుని, స్టాళ్ల వరుస దాటితే గానీ భోజనాల దగ్గరికి చేరరు. ఇక్కడ పుస్తకం లేదు, చదివించినట్టు గుర్తూ ఉండదు. బాకీ మాత్రం తీరుతుంది. తీర్చేది రోగి, మందుల షాపులో.

516 ఎంత, 116 ఎంత అనుకోకండి. చిన్న మొత్తమైతే 'ఇదేం లంచం' అని మనసు కాపలా మానేస్తుంది. 2016లో అమెరికాలో 2,79,669 మంది డాక్టర్ల రికార్డులు చూశారు. సగటున 20 డాలర్లు కూడా చేయని భోజనం ఒక్కపూట తిన్నవాళ్లలో, ఆ కంపెనీ రోసువాస్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు) రాయడానికి ఆడ్స్ రేషియో, అంటే తిననివాళ్లతో పోలిస్తే రాసే అవకాశాల నిష్పత్తి, 1.18, నెబివోలాల్‌కి (బీపీ మందు) 1.70. తేడా లేకపోతే అది 1 ఉండాలి. ఆ మందంటే ముందే ఇష్టమున్నవాళ్లు భోజనానికి వెళ్లి ఉండొచ్చుగా? ఉండొచ్చు. అందుకే నాకు 1992 నాటి అధ్యయనం ఇష్టం. చిన్నదే, రెండు మందులు, ఒక్కో మందుకి పదిమంది డాక్టర్లు. కంపెనీ ఖర్చుతో రిసార్టులో సదస్సుకి వెళ్లకముందు, వెళ్లొచ్చాక ఆసుపత్రిలో వాడకం లెక్కపెట్టారు. ఒక మందు సగటున 81 యూనిట్ల నుంచి 272కి, రెండోది 34 నుంచి 87కి చేరింది. వెళ్లేముందు అడిగితే చాలామంది మా మీద ప్రభావం ఉండదన్నారు.

2001లో రెసిడెంట్ డాక్టర్లను అడిగితే 61 శాతం మంది తమ మీద ప్రభావం లేదన్నారు. మిగతా డాక్టర్ల మీదా లేదన్నవాళ్లు 16 శాతమే. దిష్టి పక్కవాడికే తగులుతుందన్నమాట! మూఢనమ్మకాలు చదువుకోనివాళ్ల సొత్తంటారు గానీ, ఇది ఎంబీబీఎస్ తర్వాత వచ్చేది. మెడికల్ కాలేజీలో కిడ్నీ గురించి చెప్పినంత శ్రద్ధగా దీని గురించీ చెప్పాలి.

ఇక సంఘాల సంగతి. 2008లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పెప్సికోతో ఒప్పందం చేసుకుని ట్రాపికానా రసానికీ, క్వేకర్ ఓట్స్‌కీ తన పేరిచ్చింది. 2010లో డాక్టర్ల నడవడి చూసే మెడికల్ కౌన్సిల్ ఆ సంఘం అధ్యక్షుడినీ, కార్యదర్శినీ ఆరు నెలలు సస్పెండ్ చేసింది. 2009 చివర్లో ఆ కౌన్సిల్ తెచ్చిన నిబంధన కానుకలు, ప్రయాణాల విషయంలో డాక్టర్లతోపాటు వాళ్ల సంఘాలకూ వర్తించేది. 2016లో అందులోంచి సంఘాలను తీసేశారు. డాక్టరు తీసుకుంటే తప్పు, నలుగురు డాక్టర్లు సొసైటీ పేరుతో తీసుకుంటే స్పాన్సర్‌షిప్. 2023 ఆగస్టు 2న, ఆ కౌన్సిల్ స్థానంలో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ కఠినమైన నిబంధనలు తెచ్చి, అదే నెల 23న పక్కన పెట్టింది. 2024 మార్చిలో కేంద్రం మందుల కంపెనీలకు ఇచ్చిన నియమావళి విదేశాల్లో ఇలాంటి సదస్సులు వద్దంది. మన ఊళ్లో సంఘాలతో కలిసి జరపడానికి మాత్రం అడ్డులేదు.