పోటు వస్తే ద్వీపం, తీస్తే దారి: లిండిస్ఫార్న్ కథ

ఇంగ్లండ్ ఈశాన్య కొసన, స్కాట్లాండ్ సరిహద్దుకు దగ్గర్లో హోలీ ఐలాండ్ అనే చిన్న పారిష్ (మన పంచాయతీ లాంటిది) ఉంది. పాత పేరు లిండిస్ఫార్న్. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 180 మంది. చూడటానికి వచ్చేవాళ్లు మాత్రం ఏటా లక్షల్లో ఉంటారు. ఆ ఊరికి వెళ్లే రోడ్డు రోజుకు రెండుసార్లు సముద్రంలో మునుగుతుంది. ఏ వేళల్లో దాటవచ్చో చెప్పే పట్టిక, నీళ్లలో సగం మునిగిన కారు ఫొటో, ‘ఇది మీరూ కావచ్చు’ అన్న హెచ్చరిక దారి మొదట్లోనే కనిపిస్తాయి. అయినా కొందరు ‘ఇంకా టైముందిలే’ అనుకుని బండి దింపుతారు. దగ్గర్లోని రేవు ఊరు సీహౌసెస్ నుంచి లైఫ్‌బోటు వెళ్లి వాళ్లను గట్టెక్కించడం మామూలైపోయింది. దారికి అడ్డంగా గేటు పెట్టాలన్న మాట పలుమార్లు వచ్చింది. దానికి వ్యతిరేకత వచ్చింది ద్వీపవాసుల్లోంచే. బయటివాళ్లకు ఇది మొండితనంగా తోచవచ్చు గానీ, ఈ ఊరి చరిత్ర తెలిస్తే అలా అనిపించదు. తమ దారిని ఎవరు తెరవాలి, ఎవరు మూయాలి అన్న పేచీ ఇక్కడ కొత్తది కాదు.

క్రీ.శ. 635లో నార్తంబ్రియా రాజు ఆస్వాల్డ్ పిలుపు మీద అయోనా ద్వీపం నుంచి ఐడన్ అనే సన్యాసి వచ్చి ఇక్కడ మఠం పెట్టాడు. రాజు కోట బాంబరో ఇక్కడికి కనుచూపు మేరలోనే ఉంది. రాజుకు మరీ దూరం కాకుండానే, జనసందడికి ఎడంగా ఉండటానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. సముద్రం రోజుకు రెండుసార్లు ఈ నేలను చుట్టుముట్టి, రెండుసార్లు మళ్లీ ఒడ్డుకు కలుపుతుందని ఎనిమిదో శతాబ్దంలోనే బీడ్ అనే సన్యాసి చరిత్రకారుడు రాసిపెట్టాడు. ఇప్పటి పట్టికలు చెప్పేదీ అదే, నిమిషాలతో సహా.

ఆ మఠానికి పేరు తెచ్చినవాడు బిషప్ కత్‌బర్ట్. ఆయన 687లో కన్నుమూశాడు. తర్వాత బిషప్ అయిన ఈడ్‌ఫ్రిత్ చేతి మీదుగా తయారైనదే లిండిస్ఫార్న్ సువార్తల ప్రతి: దూడతోలు మీద 259 ఆకులు, పేజీ నిండా అల్లుకుపోయిన పక్షులు, ముడులు. పదో శతాబ్దంలో ఆల్‌డ్రెడ్ అనే మతగురువు ఆ లాటిన్ వరుసల మధ్య సన్నని అక్షరాలతో పాత ఇంగ్లీషు అర్థం రాశాడు. సువార్తలకు ఇంగ్లీషులో మిగిలిన అతి పాత అనువాదం అదే. అంత అందమైన పేజీల మీద కలం పెట్టడానికి ఆయనకు ఎంత ధైర్యం! ఆ ప్రతి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాన్ని ఈశాన్యానికి తిరిగి ఇమ్మనే కోరిక ఎప్పటినుంచో ఉంది. 2013లో డరమ్‌లో, 2022లో న్యూకాజిల్‌లో ప్రదర్శనకు ఇచ్చి మళ్లీ తీసుకుపోయారు.

సన్యాసులకు ఒడ్డు వైపు నుంచి ముప్పు లేదు. 793లో దాడి వచ్చింది సముద్రం మీదుగా. వైకింగులు (స్కాండినేవియా నుంచి వచ్చిన ఓడదొంగలు) మఠాన్ని దోచుకుని మనుషులను చంపారు. ఐరోపా అంతా ఉలిక్కిపడింది. ఆ తర్వాత 875లో సన్యాసులు కత్‌బర్ట్ శవపేటికను ఎత్తుకుని ద్వీపం వదిలిపోయారు. ఎన్నో ఏళ్లు తిరిగి తిరిగి అది 995లో డరమ్ చేరింది.

ఇప్పుడు మనకు కనిపించే ఎర్రరాతి శిథిలాలు పన్నెండో శతాబ్దంలో డరమ్‌లోని బెనెడిక్టైన్ శాఖ సన్యాసులు కట్టినవి. నడిమి గోపురం ఎప్పుడో కూలింది. దాని కింది రాతి కమానుల్లో ఒక్కటి మాత్రం గాలిలో వంతెనలా మిగిలింది. పక్కనే సెయింట్ మేరీ పారిష్ చర్చి. పైకప్పుతో నిలిచిన కట్టడాల్లో ద్వీపంలో అన్నిటికన్నా పాతది అదే. దాని ఆవరణలో ‘పెటింగ్ స్టోన్’ అనే రాయి ఉంది. పెళ్లయ్యాక పెళ్లికూతురిని ఇద్దరు పెద్దలు చెరో చెయ్యి పట్టి ఆ రాయి దాటిస్తారు.

ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1537లో మఠాన్ని మూయించాడు. ఆ రాళ్లే తీసుకెళ్లి పదహారో శతాబ్దం మధ్యలో గుట్ట మీద కోట కట్టారు. కోట చేసిన యుద్ధమంటూ పెద్దగా లేదు. 1715లో ఇద్దరు తిరుగుబాటుదారులు, ఒకే కుటుంబం వాళ్లు, గడ్డం గీయించుకునే నెపంతో లోపలికి చొరబడి ఒక్క రాత్రి దాన్ని ఏలారట! 1903 నుంచి దాన్ని ఒక పత్రికాధిపతి కోసం విడిది ఇల్లుగా మార్చినవాడు ఎడ్విన్ లుటియెన్స్. మన రాష్ట్రపతి భవన్ గీసినవాడు ఆయనే.

1954లో ఇసుక మీదుగా తారురోడ్డు పడింది. అంతకుముందు కర్రగుంజల వరుసను పట్టుకుని కాలినడకన దాటేవారు, బళ్లు తోలేవారు. యాత్రికులు కొందరు ఇప్పటికీ ఆ గుంజల వెంటే నడుస్తారు. రోడ్డు వచ్చాక రాకపోకలతో పాటు ఇళ్ల ధరలూ పెరిగాయి, ఇళ్లు సెలవుల విడుదులయ్యాయి. 1996లో ఊరివాళ్లు సొంతంగా ఒక ట్రస్టు పెట్టుకుని, స్థానికులు భరించగలిగే అద్దె ఇళ్లు కట్టించడం మొదలుపెట్టారు. పిల్లలు పోటును బట్టి కొన్నాళ్లు ఒడ్డు మీది బడికి, కొన్నాళ్లు ద్వీపంలోని బడికి పోతారు.

2022లో ఇంకో చిక్కు వచ్చింది. లిండిస్ఫార్న్ చుట్టూ సముద్రంలో చేపల వేట పూర్తిగా ఆపే రక్షిత ప్రాంతాన్ని ప్రభుత్వం ప్రతిపాదించింది. పీతలు, లాబ్‌స్టర్ల కోసం బుట్టలు వేసుకుని బతికే కొద్ది పడవలకు అది ఉరితాడు. ద్వీపం గట్టిగా ఎదురుతిరిగింది. 2023 ఫిబ్రవరిలో ప్రకటించిన జాబితాలో లిండిస్ఫార్న్ పేరు లేదు. గేటు మాట ఎత్తగానే ఊరివాళ్లు ఎందుకు బిగుసుకుంటారో, ఆ ఏడాది వాళ్లు పడిన ఆందోళన చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.