హిప్స్ పెద్దవి చేసే సర్జరీ గురించి మత్తు డాక్టర్ మాట: అపోహలు - వాస్తవాలు

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ సాగుతున్నంతసేపూ పేషెంటు తల దగ్గర కూర్చుని మానిటర్ చూడటమే నా పని. కోనసీమ, భీమవరం వైపు నుంచి హిప్స్ పెద్దవి చేయించుకుంటామని వచ్చేవాళ్లలో పెళ్లి కుదిరిన పిల్లలుంటారు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లుంటారు. వాళ్లు ముందుగా అనే మాటొకటుంది.

అపోహ: "నా కొవ్వే కదండీ నాకు ఎక్కించేది, భయమేముంది?"

వాస్తవం: కొవ్వు మీదేనమ్మా, అది చేరే చోటే ముఖ్యం. పొట్ట నుంచో నడుము నుంచో లైపోసక్షన్‌తో, అంటే గొట్టంతో పీల్చి తీసిన కొవ్వును సన్నని గొట్టంతో పిరుదుల్లోకి ఎక్కిస్తారు. చర్మం కింద కొవ్వు పొర, దాని కింద కండ ఉంటాయి. ఆ కండలోనూ, దాని అడుగునా పెద్ద సిరలున్నాయి. గొట్టం లోతుగా దిగి సిర చీలితే కొవ్వు గుండెకు, అక్కణ్నుంచి ఊపిరితిత్తులకు చేరి రక్తం దారి మూసేస్తుంది. మానిటర్ మీద, పేషెంటు వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ అంకె ఉన్నట్టుండి పడిపోతుంది, ఆక్సిజనూ బీపీ కూడా పడిపోతాయి. ఆ కొవ్వును కరిగించే మందు లేదు. ఊపిరి, గుండె ఆడేలా చూస్తూ పోరాడటమే.

2017లో ప్లాస్టిక్ సర్జన్ల సర్వే ఒకటి సుమారు 3,000 మందిలో ఒకరు చనిపోతున్నారని అంచనా వేసింది. అందం కోసం చేసే ఆపరేషన్‌కి ఇది చాలా ఎక్కువ. 2018లో బ్రిటన్ సౌందర్య ప్లాస్టిక్ సర్జన్ల సంఘం తన సభ్యుల్ని ఈ ఆపరేషన్ ఆపమంది. 2022లో చర్మం కింది పొరలోనే, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేసేట్టయితేనే సరేనంది. కాబట్టి ప్యాకేజీ రేటు తర్వాత, ముందు "గొట్టం ఎక్కడుందో అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేస్తారా?" అని అడగండి. సర్జన్ విసుక్కుంటే లేచి వచ్చేయండి.

అపోహ: "పార్లర్లో ఇంజెక్షన్‌తో అయిపోతుందట."

వాస్తవం: వద్దు. ఒంటి ఆకారం మార్చడానికి లిక్విడ్ సిలికాన్ ఇంజెక్షన్‌ను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించలేదు. అది లోపల ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవచ్చు, గడ్డకట్టొచ్చు, ఏళ్ల తర్వాత కూడా చీము పట్టొచ్చు. మొత్తం తీసెయ్యడం దాదాపు కుదరదు.

అపోహ: "మందుల షాపులో ఒళ్లు చేసే బిళ్లలిస్తారు, హిప్స్ వాటంతటవే వస్తాయి."

వాస్తవం: అందులో తరచుగా ఉండేది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. దానివల్ల మొహం ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది. తొడలు, పిర్రల కండ మాత్రం కరుగుతుంది, అంటే కోరుకున్నదానికి పూర్తిగా రివర్సు! షుగరూ రావచ్చు. చాలాకాలం మింగి, ఆ సంగతి నాకు చెప్పకుండా టేబుల్ ఎక్కితే బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే నా చెవిలో చెప్పండి.

అపోహ: "ఒకసారి చేయిస్తే జీవితాంతం అలాగే ఉంటుంది."

వాస్తవం: ఎక్కించిన కొవ్వులో కొంత ఒంట్లోనే కరిగిపోతుంది. బరువు మారితే ఆకారమూ మారుతుంది.

అపోహ: "హైదరాబాద్‌లో చేయించుకుని రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అమలాపురం."

వాస్తవం: దాదాపు రెండు వారాలు పిర్రల మీద బరువు వేసి కూర్చోకూడదు. అలా కూర్చుంటే కొవ్వు నిలవకపోవచ్చు. గంటల తరబడి కదలకుండా ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుంటూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి ఐసీయూ ఉన్న చోటికి, కాకినాడకో రాజమండ్రికో వెళ్లండి. అక్కడి డాక్టర్‌తో "పిరుదుల్లోకి కొవ్వు ఎక్కించే ఆపరేషన్ అయింది" అని ముందే చెప్పండి. చాలామంది సిగ్గుపడి దాచేది ఆ మాటే.