ఎం.టెక్ థీసిస్: ఏడాది పని నాలుగు నెలల్లోకి ఎలా కుదిరింది

దక్షిణ ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఎం.టెక్ చేసే తెలుగు విద్యార్థుల్లో చాలామంది చివరికొచ్చి థీసిస్ దగ్గర ఆగిపోతున్నారు. పేపర్లన్నీ పాసవుతారు, ప్రాజెక్టు మిగిలిపోతుంది. తప్పంతా వాళ్ల మీదే వేయడం న్యాయం కాదు.

సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 1945లో సలహా సంఘంగా ఏర్పడింది, 1951లో ఖరగ్‌పూర్ ఐఐటీ మొదలైంది. పీజీలో చేరేది అప్పట్లో కొద్దిమందే. వాళ్లు హాస్టల్లో ఉండి, పూర్తికాలం ల్యాబ్‌లో పనిచేసేవారు. థీసిస్‌కు అంత బరువు ఇచ్చింది ఆ తరహా చదువును ఊహించుకునే. ఒడిశాలో 1956లో బుర్లా, 1961లో రూర్కెలా కాలేజీలు వచ్చినా రాయగడ, గజపతి జిల్లాల వాళ్లకు అవి దూరం, విశాఖే దగ్గర. ప్రైవేటు కాలేజీలు 1990ల చివర్లో గానీ ఇటు రాలేదు. 2002లో బిజూ పట్నాయక్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది.

అసలు మలుపు 2010. అంతకుముందు ఫస్ట్ క్లాస్ బీటెక్ ఉంటే లెక్చరర్‌గా చేరిపోయేవారు. ఆ ఏడాది ఏఐసీటీఈ కొత్త నిబంధనలతో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఎం.టెక్ తప్పనిసరి అయింది. ఉద్యోగం నిలుపుకోవడానికి పాఠాలు చెబుతూనే ఎం.టెక్‌లో చేరినవాళ్లు ఎందరో. నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ గేట్ (ఎం.టెక్ ప్రవేశ పరీక్ష) అర్హత ఉన్నవాళ్లకే. అది లేనివాళ్లకు జీతం మానుకుని ల్యాబ్‌లో కూర్చునే వీలు ఎక్కడిది? డిగ్రీ కావలసినవాళ్లు పెరిగారు గానీ గైడ్లు, యంత్రాలు ఆ లెక్కన పెరగలేదు.

2018 నాటి ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళిక థీసిస్‌కు సమయం చాలని సమస్యను కాగితం మీద సరిదిద్దింది. మొత్తం 68 క్రెడిట్లలో 26 డిసర్టేషన్‌వే, అంటే థీసిస్‌వే: మూడో సెమిస్టర్‌లో 10 క్రెడిట్లు, వారానికి 20 గంటలు, నాలుగో సెమిస్టర్‌లో 16 క్రెడిట్లు, వారానికి 32 గంటలు. ఈ విభజన సరైనదే. ఆచరణలో మాత్రం మూడో సెమిస్టర్ పాత పేపర్లు చదివి ఒక ప్రెజెంటేషన్ ఇవ్వడంతో సరిపోతోంది. ప్రయోగమంతా నాలుగో సెమిస్టర్ మీద పడుతోంది.

సివిల్ విద్యార్థి సంగతే తీసుకోండి. ఇసుక బదులు రాయగడ జిల్లా తేరుబల్లి కర్మాగారం ఫెర్రోక్రోమ్ స్లాగ్‌ను (లోహం తీశాక మిగిలే చిట్టాన్ని) 0, 10, 20, 30, 40 శాతం వేసి కాంక్రీటు బలం చూడాలనుకున్నాడు. ఐదు మిశ్రమాలు, 7, 28, 90 రోజుల పరీక్షలు, ప్రతిదానికీ మూడు క్యూబ్‌లు: మొత్తం 45. ఒక్కో మిశ్రమానికి 150 మిల్లీమీటర్ల క్యూబ్‌లు తొమ్మిది, అంటే వృథాతో కలిపి 34 లీటర్ల కాంక్రీటు, దాదాపు 80 కిలోలు. సెమిస్టర్ సుమారు 16 వారాలు, అందులో 90 రోజుల క్యూరింగే (క్యూబ్‌లను నీటిలో ఉంచడమే) 13 వారాలు. మొదటి వారంలోనే అన్నీ పోసినా ఫలితం వచ్చాక రాయడానికి మిగిలేది రెండు మూడు వారాలు. మూడు క్యూబ్‌లలో ఏ ఒక్కటైనా సగటుకు 15 శాతం మించి తేడా వస్తే ఆ సెట్ చెల్లదు, మళ్లీ పోయాలి. మళ్లీ పోయడానికి గడువెక్కడ? అందుకే చాలా థీసిస్‌లు 28 రోజులతోనే ముగుస్తున్నాయి. స్లాగ్ మొత్తం ఒకేసారి తెచ్చుకోకపోతే రెండో లారీ సరుకు గుణం మారి పోలికే చెడిపోతుంది. నీటిలోకి విషపూరితమైన హెక్సావలెంట్ క్రోమియం దిగుతోందో లేదో చూడకుండా ఆ కాంక్రీటును సిఫార్సు చేయడం మరీ ప్రమాదం.

2018లోనే యూజీసీ గ్రంథచౌర్యం నిబంధనలు కూడా వచ్చాయి. ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 40 వరకు అయితే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి, 60 వరకు అయితే సవరించి ఇవ్వడంపైనే ఏడాది నిషేధం, ఆపైన రిజిస్ట్రేషన్ రద్దు. ఎక్కువగా దొరికిపోయేది ప్రయోగ పద్ధతి అధ్యాయంలోనే. ఐఎస్ 10262 (భారత ప్రమాణం) మిక్స్ డిజైన్ మెట్లను, అంటే కాంక్రీటు పాళ్లు లెక్కగట్టే దశలను, సీనియర్ థీసిస్ నుంచి యథాతథంగా ఎత్తడమే కారణం. సూత్రాలకు, ప్రామాణిక గుర్తులకు మినహాయింపు ఉంది, వాటి చుట్టూ ఉన్న వాక్యాలకు లేదు. తాను వాడిన సిమెంటు, తన ఇసుక జోన్ (రేణువుల సైజు తరగతి), తన స్లంప్ (తడి కాంక్రీటు జారుడు) విలువలతో రాసుకుంటే ఆ అధ్యాయం దానంతటదే సొంతమవుతుంది.

గైడ్లు చేయవలసింది ఒకటుంది: తొలి బ్యాచ్ క్యూబ్‌లు పోయనిదే మూడో సెమిస్టర్ మార్కులు వేయకూడదు. వంశధార నదీ ప్రవాహం మీద థీసిస్ చేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. కాశీనగర్ దగ్గరి కేంద్ర జలసంఘం ప్రవాహ లెక్కలు, వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గ్రిడ్ (గడులవారీ) వర్షపాతం లెక్కలు చేతికి వచ్చి, మధ్యలో ఏ సంవత్సరాలు ఖాళీగా ఉన్నాయో చూసుకున్నాకే సినాప్సిస్‌పై (థీసిస్ ప్రతిపాదనపై) సంతకం పెట్టాలి.