ఇల్లు పోయిన పిల్లి, ఇల్లే ఎరగని పిల్లి

వీధిలో తిరిగే పిల్లులన్నిటినీ ఒకే గాటన కట్టడం మనకు అలవాటు. నిజానికి వాటిలో రెండు రకాలున్నాయి. ఇంట్లో మనుషుల మధ్య పెరిగి, ఆ ఇంటివాళ్లు ఊరు మారినప్పుడో, అవి పిల్లలు పెట్టినప్పుడో, వాటికి జబ్బు చేసినప్పుడో వీధిన పడ్డవి కొన్ని. వీధిలోనే పుట్టి, మనిషి చెయ్యి తగలకుండా ఎదిగినవి కొన్ని. మొదటివాటికి ఇల్లు కావాలి. రెండోవాటికి ఇల్లంటే బోనే. ఈ తేడా గుర్తించడానికి జంతు సంక్షేమ సంఘాలకు నూరేళ్లకు పైగా పట్టింది. ఈలోగా బలైపోయిన పిల్లులకు లెక్కలేదు.

మనిషితో పిల్లి సాంగత్యం చాలా పాతది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం గురించి 2004లో లోకానికి తెలిసింది. అయితే ఆవును కట్టేసినట్టు పిల్లిని ఎవరూ కట్టేసి పెంచలేదు. గాదెలు నిండాక ఎలుకలొచ్చాయి, ఎలుకల వెంట పిల్లులొచ్చాయి. వేల ఏళ్లపాటు పిల్లి సగం ఇంటిది, సగం వీధిది. అది ఎవరిదన్న ప్రశ్నే పెద్దగా రాలేదు.

ఆ పరిస్థితిని మార్చినవాటిలో ఒకటి చాలా చిన్న వస్తువు. 1947లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే వ్యక్తి, నూనె మరకలు పీల్చుకునే మట్టి గుళికలను పొరుగింటి పిల్లి మలవిసర్జనకు ఇచ్చి చూశాడు. అంతవరకూ ఇసుక, బూడిద వాడేవారు. కొత్త మట్టితో వాసన తగ్గింది. పిల్లిని రాత్రీ పగలూ నాలుగు గోడల మధ్యే ఉంచుకోవడం సులువైంది. అలా పెరిగిన పిల్లికి వేటాడటం, వాహనాలను తప్పించుకోవడం అలవాటు కావు. దాన్ని సందు చివర వదిలి ‘ఎలాగోలా బతుకుతుందిలే’ అనుకోవడం మన మనసును మనం సర్దిపుచ్చుకోవడమే.

ఆశ్రయాల చరిత్రలో పిల్లి వంతు ఆలస్యంగా వచ్చింది. 1860లో మేరీ టీల్బీ లండన్‌లో దిక్కులేని కుక్కల కోసం ఒక ఇల్లు తెరిచారు. తర్వాత బ్యాటర్‌సీకి మారిన ఆ సంస్థ పిల్లులను చేర్చుకోవడం 1883లో మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే అక్కడ నొప్పి తెలియకుండా ప్రాణం తీసే గది కూడా వెలిసింది. ఆనాటి దయకు అర్థం అదే: బాధపడుతూ బతకడం కన్నా బాధ లేకుండా పోవడం మేలని.

భయం తోడైతే ఆ పాటి దయ కూడా మిగల్లేదు. 1916లో న్యూయార్క్‌లో పోలియో వ్యాపించినప్పుడు పిల్లులే దాన్ని మోసుకొస్తున్నాయన్న వదంతి పుట్టింది. ఆ వేసవిలో సుమారు 72 వేల పిల్లులను చంపారు. పోలియోకూ పిల్లికీ ఏ సంబంధమూ లేదు. 1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించిన తొలి రోజుల్లో లండన్‌వాసులు దాదాపు 4 లక్షల పెంపుడు కుక్కలను, పిల్లులను తామే తీసుకెళ్లి చంపించారని చరిత్రకారిణి హిల్డా కీన్ రాశారు. బాంబులింకా పడలేదు. చంపమన్న ఆజ్ఞ కూడా ఏదీ లేదు.

పట్టుకెళ్లి చంపడం వల్ల వీధుల్లో పిల్లులు తగ్గాయా అంటే, లేదు. ఆడపిల్లి నాలుగు నెలలకే ఎదకు రావచ్చు. తొమ్మిది వారాల్లో ఈనుతుంది. పాలిస్తూనే మళ్లీ చూలు కట్టగలదు. తిండి దొరికే చోట కొన్నింటిని తీసేస్తే, మిగిలినవీ కొత్తగా వచ్చినవీ ఆ ఖాళీని నింపేస్తాయి. 1971లో లాస్ ఏంజిలెస్ నగరం తక్కువ ఖర్చుతో పెంపుడు జంతువులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే క్లినిక్ తెరవడం అందుకే మంచి మలుపు. పిల్లులను పట్టి, ఆపరేషన్ చేయించి, తెచ్చిన చోటే వదిలే పద్ధతిని బ్రిటన్‌లో కొందరు మహిళలు అప్పటికే సొంత ఖర్చుతో నడుపుతున్నారు. 1990లో వాషింగ్టన్‌లో పుట్టిన ‘అల్లీ క్యాట్ అలైస్’ అనే సంస్థ ఆ పద్ధతిని అమెరికా అంతటా ఉద్యమంగా మార్చింది. ఆపరేషన్ అయిన పిల్లికి మత్తులో ఉండగానే గుర్తుగా ఒక చెవి కొస కత్తిరిస్తారు, మళ్లీ పట్టుకోకుండా. ఇటలీ 1991 నాటి 281వ చట్టంతో వీధి పిల్లులను చంపడాన్ని నిషేధించి, ఆపరేషన్ చేసి తిరిగి వాటి తావులోనే వదలాలంది.

ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా నమ్మకం కలిగించింది సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1991 నుంచి 2002 వరకు జరిగిన పని. ఆ పదకొండేళ్లలో అక్కడ లెక్కకు వచ్చిన మొత్తం 155 పిల్లుల్లో మచ్చికైనవాటికి, చిన్న కూనలకు ఇళ్లు వెతికారు. మిగతావాటికి ఆపరేషన్ చేసి వదిలారు, స్వచ్ఛంద సేవకులు రోజూ తిండి పెడుతూ కనిపెట్టుకున్నారు. దాదాపు సగం, 47 శాతం, ఇళ్లకు చేరాయి. 1996లో 68 ఉన్న పిల్లులు 2002 నాటికి 23 అయ్యాయి. దత్తత ఒక్కటే అయినా, ఆపరేషన్ ఒక్కటే అయినా ఇంత సాధించేది కాదు. రెండిటినీ కలిపింది ఆ చుట్టుపక్కల మనుషులు.

ఈ పద్ధతిని పక్షి ప్రేమికులు, పర్యావరణ శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోరు. అమెరికాలో బయట తిరిగే పిల్లులు ఏటా 130 నుంచి 400 కోట్ల పక్షులను చంపుతున్నాయని 2013 నాటి ఒక అధ్యయనం అంచనా. ఎగరలేని పక్షులుండే దీవుల్లో వాళ్ల మాటే సరైనదని నేనూ ఒప్పుకుంటాను. కానీ పక్షుల కోసమైనా ముందు ఆగాల్సింది కొత్త పిల్లులు వీధిన పడటం.

ఇల్లు వెతికేవాళ్లు పోరాడేది ఎక్కువగా కాలంతో. కూనలు మనిషికి సులువుగా మచ్చికయ్యేది రెండో వారం నుంచి ఏడో వారం దాకా. అలాగని కనిపించిన కూననల్లా ఎత్తుకెళ్లకూడదు. తల్లి ఏడిళ్లు తిప్పుతూ ఒకదాన్ని ఇంకో చోటికి చేర్చి తిరిగి వస్తుండవచ్చు. దూరంగా నిలబడి కాసేపు చూడాలి. ఇక ఆశ్రయంలో మూలకు నక్కి బుసకొట్టేదంతా ఇల్లెరగని పిల్లి కాదు. నిన్నటిదాకా ఒకరి ఒళ్లో పడుకున్నదీ అక్కడ అలాగే ప్రవర్తిస్తుంది. కొత్త ఇంట్లో మొదట ఒక్క గది, దాక్కునే చోటు, తొందరపెట్టని మనుషులు ఉంటే వారాల్లో తేరుకుంటుంది. ఇది చెప్పకుండా అప్పగించడం వల్లే కొన్ని పిల్లులు నాలుగు రోజుల్లో వెనక్కి వస్తాయి.

వదిలేయడాన్ని బ్రిటన్ 1960లోనే చట్టంతో నేరం చేసింది. ఎవరు వదిలారో తేల్చడమే అసలు కష్టం. అందుకే ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి 20 వారాలు దాటిన పెంపుడు పిల్లికి మైక్రోచిప్ (యజమాని ఎవరో తెలిపేలా చర్మం కింద పెట్టే చిన్న చిప్) తప్పనిసరి చేశారు. అయితే పిల్లి వీధిన పడటానికి కారణం ప్రతిసారీ యజమాని మనసే కాదు. సింగపూర్‌లో అత్యధికులు నివసించే ప్రభుత్వ ఫ్లాట్లలో పిల్లులను పెంచడం దశాబ్దాలపాటు నిషిద్ధం. దాచిపెట్టి పెంచేవాళ్లు ఫిర్యాదు వస్తే ఇల్లో పిల్లో తేల్చుకోవాల్సి వచ్చేది. 2024 సెప్టెంబరు 1న ఆ నిషేధం ఎత్తేశారు. లైసెన్సు, చిప్ ఉంటే ఫ్లాటుకు రెండు పిల్లుల దాకా ఉంచుకోవచ్చు. పెంపుడు జంతువులు వద్దని ముందే రాసుకునే అద్దె ఒప్పందాలు, అపార్ట్‌మెంట్ సంఘాల నిబంధనలు మాత్రం ఎన్నో చోట్ల ఇంకా అలాగే ఉన్నాయి.